సందడి ఎవరిది, గోల ఎవరిది?

అద్దె ఇంట్లో ఉండేవాడికి గోడ సొంతం కాదు. గోడ అవతలి చప్పుడు మాత్రం సొంతమే. అది అద్దెతోపాటు వస్తుంది. పైవాటాలో మంచం జరిపితే మా నెత్తిమీద జరుగుతుంది. పక్కవాటాలో గ్రైండరు వేస్తే మా గిన్నెల స్టాండు వణుకుతుంది. కిందివాళ్ళు చీకటితోనే బోరు మోటారు వేస్తే బిల్డింగు మొత్తం లేచి కూర్చుంటుంది. బెజవాడలో ఇది మరీ ఎక్కువ. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండలు, మధ్యలో కాలవలు, రైలు పట్టాలు. మిగిలిన జాగాలో మనుషులు. కొండమీది ఇళ్ళలోనయితే ఒకరి డాబా ఇంకొకరి వాకిలి. ఏప్రిల్ వచ్చిందంటే తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకునే మాటే లేదు. ఏసీ లేని ఇంట్లో చెవులు మూసుకోవడమంటే ఊపిరి మూసుకోవడమే.

ఇదంతా అద్దెకుండే ప్రతివాడి బాధ. ఇందులో ముస్లిముల ప్రత్యేకత ఏముంది? లౌకికవాద మిత్రులు మమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న ఇదే. చప్పుడుకి మతమేమిటి, దీన్ని కూడా మీరు ఐడెంటిటీ చేస్తారా అంటారు. న్యాయమైన ప్రశ్నే. చప్పుడుకి మతం లేదు. మతం ఉన్నది చప్పుడు తగ్గించమని అడగడానికి మెట్లెక్కడంలో.

పై ఇంట్లో రాత్రి పదకొండు దాటినా టీవీ మోగుతోంది. మా పిల్లాడికి పొద్దున్నే ఇంటర్ పరీక్ష. మా ఎదురువాటా ఆయనకీ అలాంటి పిల్లాడే ఉన్నాడు. ఆయన లుంగీ మీదే పైకి వెళ్ళి, తలుపు కొట్టి, "ఏవండీ, పిల్లాడికి పరీక్షలండీ, కాస్త సౌండు తగ్గించండి" అని దిగి వస్తాడు. అవతలివాళ్ళు తగ్గిస్తారు, లేదా సణుక్కుంటారు. మరుసటి రోజుకి ఇద్దరూ మర్చిపోతారు. అది రెండిళ్ళ మధ్య మాట. మేము మెట్లెక్కితే మాతోపాటు ఇంకెవరెవరో ఎక్కుతారు. మేము ఎన్నడూ చూడని బాబరు ఎక్కుతాడు. మాకు వీసా కూడా ఇవ్వని పాకిస్తాన్ ఎక్కుతుంది. తలుపు తీసినవాళ్ళకి మా పిల్లాడి పరీక్ష కనిపించకపోవచ్చు. మేము దిగి వచ్చాక ఆ ఇంట్లో మా గురించి మాట్లాడుకునేటప్పుడు 'ఆయన' అనరు. 'వాళ్ళు' అంటారు. 'వీళ్ళకి ఇల్లిచ్చిందే ఎక్కువ' అని కూడా అనొచ్చు.

అందరూ అలా అంటారని కాదు. అనకపోవచ్చు. నూటికి తొంభైమంది అనరనే అనుకుందాం. కానీ మెట్లెక్కే ముందు మేము ఆ పదిమంది కోసం కూడా సిద్ధపడాలి. మాట ఎంచుకోవాలి, గొంతు ఎంచుకోవాలి. రోజు కూడా ఎంచుకోవాలి. పండగరోజు వద్దు. ఎక్కడో బాంబు పేలిన వార్త వచ్చిన రోజు అసలే వద్దు. ఇండియా పాకిస్తాన్ మ్యాచ్ ఉన్నరోజు టీవీ తగ్గించమని అడిగే ముస్లిం ఈ దేశంలో పుట్టాడో లేదో మాకు తెలీదు. చివరికి మగవాళ్ళం ఆగిపోయి ఆడవాళ్ళని పంపిస్తాం. వాళ్ళు వెళ్ళి "అక్కయ్యగారూ, బావున్నారా" అని మొదలుపెట్టి, కరివేపాకు అడిగి, కూరగాయల ధరలు మాట్లాడి, అసలు సంగతి అడక్కుండానే దిగొస్తారు.

దీని వెనక ఇంకో కథ ఉంది. ఆ ఇల్లు మాకు దొరికిన కథ. బెజవాడలో టు-లెట్ బోర్డు చూసి ఇంట్లోకి వెళ్ళడం ఎవరికైనా మామూలు విషయం. మా తెలుగు విని ఇంటావిడ గదులన్నీ చూపిస్తుంది. కృష్ణా జిల్లా యాసలో మాకేమీ లోటు లేదు. నీళ్ళు ఎప్పుడొస్తాయో, అడ్వాన్సు ఎంతో, అన్నీ చెప్తుంది. చివర్లో పేరు అడుగుతుంది. పేరు చెప్పగానే వాళ్ళబ్బాయి అమెరికా నుంచి వచ్చేస్తున్నాడని గుర్తొస్తుంది. కొందరు మర్యాదస్తులు ఈ ఇబ్బంది లేకుండా బోర్డు మీదే 'శాకాహారులకు మాత్రమే' అని రాసేస్తారు. ఆ మాట మా ఒక్కళ్ళకే తగలదు. దళితులకు, క్రైస్తవులకు, మాంసం తినే సగం ఊరికి తగులుతుంది. ఇలా పది ఇళ్ళు తిరిగాక దొరికిన పదకొండో ఇంట్లో పైవాళ్ళ టీవీ గురించి ఫిర్యాదు చేయడమంటే ఏమిటి? ఇంటినే పణంగా పెట్టడం.

కాబట్టి మేము భరిస్తాం. భరించి, దానికి ఒక మంచి పేరు పెట్టుకుంటాం. సబర్.

అసలు మా వాదన ఇక్కడే. ఇది సబరేనా?

పొరుగువాడి గోల గురించి ఇస్లాంలో ఒక ప్రసిద్ధమైన కథ ఉంది. మన దేశపు ముస్లిముల్లో ఎక్కువమంది అనుసరించే హనఫీ సంప్రదాయానికి మూలపురుషుడైన ఇమాం అబూ హనీఫా గురించి చెప్పుకునే కథ. ఆయన ఎనిమిదో శతాబ్దంలో ఇరాక్‌లోని కూఫాలో ఉండేవాడు. ఆయన పొరుగున ఒక చెప్పులు కుట్టేవాడు. పగలంతా కష్టపడి, రాత్రి తాగి, తనని ఎవరూ పట్టించుకోలేదని గొంతెత్తి పాడేవాడట. ఆ పాట వింటూనే ఇమాం రాత్రి నమాజు చేసుకునేవాడు. ఒకరాత్రి పాట వినిపించలేదు. ఏమైందని ఆరా తీస్తే పోలీసులు పట్టుకుపోయారని తెలిసింది. ఇమాం తెల్లవారగానే గవర్నరు దగ్గరికి వెళ్ళాడు. గవర్నరు ఆయనను గౌరవంగా లోపలికి పిలిపించాడు. చెప్పులు కుట్టేవాడు విడుదలయ్యాడు. నిన్ను మేము పట్టించుకోలేదా అని ఇమాం దారిలో అడిగాడట. అతను సిగ్గుపడి తాగుడు మానేశాడని కథ ముగిస్తారు.

మా ఇళ్ళలో పెద్దలు ఈ కథ చెప్పి, చూశారా, పొరుగువాడి గోల ఎలా భరించాలో అంటారు. కథలో వాళ్ళు వదిలేసే సంగతి ఒకటుంది. ఇమాం ఒక్క మాటంటే ఆ చెప్పులు కుట్టేవాడు ఎప్పుడో జైలుకి పోయేవాడు. ఆయన కోసం గవర్నరు తలుపులు తెరిచే ఊళ్ళో ఆయన మాట్లాడకుండా ఉన్నాడు. మాట్లాడగలిగి మాట్లాడలేదు కాబట్టి అది సబర్. మాట్లాడలేక మాట్లాడనివాడిది సబర్ కాదు, భయం. భయానికి సబర్ పేరు పెడితే సబర్‌నీ అవమానించినట్టే, భయపడుతున్న మనిషినీ అవమానించినట్టే. మా మౌనాన్ని చూసి "మీ సాయిబులు చాలా నెమ్మదస్తులండీ" అని మెచ్చుకునే ఓనర్లున్నారు. ఆ సర్టిఫికెట్టు మాకు బరువు.

ఆ కథలో మాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. పాట ఆగగానే ఇమాంకి తెలిసింది. అంటే ఆ గోల ఎవరిదో ఆయనకు తెలుసు. ఇవాళ మా ఫ్లాట్లలో పైన ఎవరున్నారో మాకు తెలీదు, కింద ఎవరున్నారో పైవాళ్ళకు తెలీదు. తెలిసిన పిల్లాడు గంతులేస్తే 'వాడికి ఎంత హుషారో' అంటాం. తెలియని పిల్లాడు గంతులేస్తే రొద. చెవి వినేది సగమే. మిగతా సగం మనసు వింటుంది.

మన తెలుగులో చప్పుడుకి ఎన్ని మాటలున్నాయో చూడండి. అలికిడి, సద్దు, సవ్వడి, మోత, రొద, హోరు, గోల, సందడి. వీటిలో చివరి రెండింటి మధ్య ఎన్ని డెసిబెళ్ళ తేడా ఉంది? ఏమీ లేదు. దసరాకి వన్‌టౌన్ వీధుల్లో మైకులు మోగితే పండగ సందడి. ధనుర్మాసంలో తెల్లవారకముందే గుడి మైకు మోగితే ఆధ్యాత్మిక వాతావరణం. రంజాన్‌లో సహరీకి లేపే కేక వినిపిస్తే గోల. బక్రీదుకి చుట్టాలు నలుగురొచ్చి మెట్లమీద నవ్వుకుంటే అదీ గోలే. ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో ఆ సాయంత్రమే మెసేజి వస్తుంది, 'దయచేసి ఇతరులకు ఇబ్బంది కలిగించవద్దు' అని. పేరు ఉండదు. అవసరం లేదు.

అందుకే మా పిల్లలు ఇంట్లో మొట్టమొదట నేర్చుకునే మాటల్లో 'ఆహిస్తా' ఒకటి. మెల్లగా. ఆహిస్తా నడువు, ఆహిస్తా మాట్లాడు, ఆహిస్తా నవ్వు. రంజాన్ నెలలో నాలుగింటికి లేచి సహరీ వండేటప్పుడు మా ఆడవాళ్ళు కుక్కరు పెట్టరు. విజిల్‌కి భయం. రాత్రే వండి దాచిన అన్నం వెచ్చబెడతారు. గిన్నె కింద గుడ్డ వేస్తారు. ఒక నెలంతా ఒక బిల్డింగులో ఒక కుటుంబం దొంగల్లా తింటుంది. ఎవరూ అలా తినమని చెప్పలేదు. ఎవరూ చెప్పకుండానే ఎలా తెలిసిందన్నదే ప్రశ్న.

కృష్ణా గుంటూరు డెల్టాల్లో మా చప్పుడుకి ఇంకో చరిత్ర కూడా ఉంది. ఈ ప్రాంతపు గుళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో నాదస్వరం ఊదిన వంశాలు చాలావరకు దూదేకుల ముస్లిములవి. చిలకలూరిపేట బాణీ అంటే ఆదం సాహెబ్ పేరు చెప్పుకుంటారు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ చినమౌలానా ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి, శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డాడు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి అందుకున్నాడు. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు నాదస్వరానికే పద్మశ్రీ వచ్చింది. దేవుణ్ణి నిద్రలేపే చప్పుడు మా ఊపిరితిత్తుల్లోంచి వచ్చింది. అప్పుడు అది మంగళవాద్యం. దాన్ని గోల అన్నవాడు లేడు. సన్నాయి పట్టుకుని గుళ్ళోకి వెళ్ళిన ఊపిరి, సూట్‌కేసు పట్టుకుని వాటా అడగడానికి వెళ్తే ఎందుకు బరువైపోతుంది? ఈ ప్రశ్న కళాకారుల్ని సన్మానించే సభల్లో ఎవరూ వేయరు. వేస్తే శాలువా కప్పేవాళ్ళకి చేతులాడవు.

పోనీ, చట్టం ఉంది కదా అంటారు. ఉంది. కేంద్రప్రభుత్వం 2000లో శబ్దకాలుష్య నియమాలు చేసింది. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్ళు, రాత్రి 45. రాత్రంటే పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా. ఆ పరిమితికి 10 డెసిబెళ్ళు మించితే ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. పది పెరగడమంటే ఏదో కాస్త పెరగడం కాదు, శబ్దశక్తి పదింతలు కావడం. అద్దెల సంగతికొస్తే 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంలో, అదే ఇంట్లో ఉండే మిగతావాళ్ళకి ఇబ్బందిగా ప్రవర్తించిన అద్దెదారుని ఖాళీ చేయించవచ్చని ఒక కారణంగా రాశారు. గమనించండి, ఆ కత్తి అద్దెదారు మెడమీదే ఉండేది. అద్దెదారుకి ఇబ్బంది కలిగించే ఓనరు మాట అక్కడ ఉండేది కాదు.

2005 జులై 18న సుప్రీంకోర్టు శబ్దకాలుష్యం మీద ఒక పెద్ద తీర్పు ఇచ్చింది. ప్రశాంతంగా బతకడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని, వినడానికి ఇష్టంలేనివాడి చెవిలో చప్పుడు పొయ్యడం హక్కు కాదని చెప్పింది. ఆ కేసు ఎలా మొదలైందో చాలామందికి తెలీదు. ఒక పదమూడేళ్ళ పిల్లమీద అత్యాచారం జరుగుతుంటే ఆ పిల్ల కేకలు ఎవరికీ వినపడలేదు. చుట్టుపక్కల లౌడ్‌స్పీకరులో పాటల హోరు. పేపర్లో వచ్చిన ఆ వార్త చూసి ఒక ఇంజనీరు కోర్టుకి వెళ్ళాడు. గోల అంటే నిద్ర చెడగొట్టేది మాత్రమే అని మనం అనుకుంటాం. పక్కవాడి ఏడుపు వినపడకుండా చేసేది కూడా గోలే.

అదే సంవత్సరం ఏప్రిల్లో అదే సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అహ్మదాబాదులో పార్శీల సహకార గృహనిర్మాణ సంఘం తమ మతంవాళ్ళకే సభ్యత్వం ఇస్తామని పెట్టుకున్న నియమం చెల్లుతుందని. అది అద్దెల కేసు కాదు. పార్శీలు మాకంటే చిన్న మైనారిటీ, వాళ్ళ భయాలు వాళ్ళవి. అయినా రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే మాకు ఒక సంగతి తడుతుంది. పక్కింటి చప్పుడు నుంచి రక్షణ రాజ్యాంగహక్కు అయింది. పక్కింట్లో ఉండగలగడం ఇంకా ఎవరో ఒకరి బైలాని బట్టి ఉంది. ముందు పక్కిల్లు దొరికితే కదా చప్పుడు గురించి మాట్లాడేది!

ఇప్పుడు మా మైకుల సంగతి మాట్లాడాలి. మాట్లాడకపోతే ఈ వ్యాసం సగం అబద్ధం అవుతుంది. అజా వయసు పద్నాలుగు వందల ఏళ్ళు. లౌడ్‌స్పీకరు వయసు నూరేళ్ళు. మొదటి అజా ఇచ్చిన బిలాల్ బానిసత్వం నుంచి విడుదలైన నల్లవాడు. ఆయన గొంతే ఆయన మైకు. మైకు లేకపోతే అజా లేదనేవాళ్ళు బిలాల్‌ని మర్చిపోయారు. 2020 మేలో అలహాబాదు హైకోర్టు చెప్పింది కూడా అదే. లాక్‌డౌన్‌లో మనిషి గొంతుతో అజా ఇవ్వడాన్ని ఆపలేరు, మైకు మాత్రం మతంలో భాగం కాదు అని. అంతకుముందు 2000లో మద్రాసు చర్చి కేసులో సుప్రీంకోర్టు, ఇతరుల శాంతిని చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పలేదని అంది. ఖురాన్ కూడా ప్రార్థనలో గొంతు మరీ పెంచొద్దు, మరీ తగ్గించొద్దు, మధ్యమార్గం వెతుక్కోమంటుంది. బనీ ఇస్రాయీల్ సూరాలో ఉంది. మా మహల్లాల్లో మూడు మసీదుల మైకులు ఒకదానిమీద ఒకటి పడి ఏ ఒక్క అజా కూడా సరిగా వినపడని చోట్లున్నాయి. రాత్రి ఒంటిగంట దాకా జల్సా మైకు మోగితే ముందు చచ్చేది ఆ సందులో ఉండే ముస్లిం గుండెజబ్బు మనిషే. కాబట్టి మైకు తగ్గించాలి. ఇది మేము మా వాళ్ళకి చెప్తాం. కమిటీల్లో కూర్చుని చెప్తాం, తిట్లు తింటాం.

అయితే తగ్గించడాన్ని పౌరసత్వానికి కట్టే పన్నులా కట్టమంటే మాత్రం కట్టం. వినాయకచవితి డీజే సంస్కృతి, మా రెండు నిమిషాల అజా కాలుష్యం అనే లెక్కకి తల ఊపం. డెసిబెల్ మీటరు తీసుకుని గుడి దగ్గరికి, చర్చి దగ్గరికి, మసీదు దగ్గరికి, రాజకీయ నాయకుడి పుట్టినరోజు పందిరి దగ్గరికి ఒకే చేత్తో వెళ్ళేవాడు వస్తే మొదట మా మసీదుకే రమ్మంటాం. మీటరుకి మా పేరు తెలీదు. మాకు దానిమీద ఉన్నంత నమ్మకం మనుషులమీద లేకపోవడం ఏమీ సంతోషించే విషయం కాదు.

మరి ఇన్ని బాధలు పడి వాళ్ళ మధ్య ఎందుకు, మీ వించిపేటకో మీ ఇస్లాంపేటకో పోవచ్చు కదా అంటారు. మాలో చాలామంది పోయారు. పోయినవాళ్ళని అడిగితే అక్కడ నిశ్శబ్దంగా ఉందని ఎవరూ చెప్పరు. ఇరుకు సందులు, ఆటోలు, వెల్డింగు షాపులు, పెళ్ళి బ్యాండ్లు, పిల్లలు. ఇక్కడికంటే గోల ఎక్కువే. అయినా నిద్ర పడుతుందంటారు. ఎందుకంటే అక్కడ కిటికీలోంచి తల బయటపెట్టి, "అరే, బుద్ధుందా నీకు, టైమెంతయిందిరా?" అని అరవొచ్చు. అవతలివాడు కూడా అరుస్తాడు. అది వాడితో తగువు. అంతే. దాని వెనక బాబరు రాడు. మహల్లాలోకి ముస్లిం నిశ్శబ్దం కోసం పోవడం లేదు, తగువాడుకునే స్వేచ్ఛ కోసం పోతున్నాడు. దానికి కట్టే ధర కూడా పెద్దదే. ఆ సందులో పెరిగిన పిల్లాడికి కార్తీకమాసం దీపం ఎలా ఉంటుందో తెలీదు. ఈ ఫ్లాట్లలో పెరిగిన పిల్లకి ఖీర్‌ఖుర్మా రుచి తెలీదు. ఇరవయ్యేళ్ళ తర్వాత ఒకరి గురించి ఒకరికి టీవీలు చెప్తాయి.

ఉర్దూలో పొరుగువాడిని పడోసీ అంటారు. హమ్‌సాయా అని ఇంకో మాట కూడా ఉంది, ఫారసీ నుంచి వచ్చింది. హమ్ అంటే కలిసి, సాయా అంటే నీడ. ఒకే నీడలో ఉన్నవాళ్ళు. మా తాతలు ఈ మాట వాడేవారు. ఇప్పుడు బెజవాడలో మూడంతస్తుల మేడల నీడ ఒకటే, కానీ నీడలో ఉన్నవాళ్ళం ఒకరికొకరం హమ్‌సాయాలం కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే అందరూ ప్రేమ గురించి మాట్లాడతారు. మతసామరస్య సభల్లో ఇఫ్తారు విందు, పులిహోర, ఒకరి భుజంమీద ఒకరి చెయ్యి, ఫోటో. మాకు ఫోటోలతో పేచీ లేదు. కానీ మేము అడుగుతున్నది అంతకంటే చిన్నది. లౌకిక మిత్రులు మమ్మల్ని మామూలు అద్దెదారుల్లా ఆలోచించమంటున్నారు కదా, మేము కోరేదే అది. విసుక్కోగలిగే హక్కు, మమ్మల్ని విసుక్కుంటే భయపడకుండా ఉండగలిగే హక్కు. పండగరోజు ఆలింగనం చేసుకునే పొరుగువాళ్ళు మాకు దొరుకుతూనే ఉన్నారు. మామూలు మంగళవారం మా మొహంమీదే తిట్టి, బుధవారం నీళ్ళ ట్యాంకరు వచ్చిందని పిలిచే పొరుగువాళ్ళు కరువు.

దొరకరని కాదు. వన్‌టౌన్ వాటాల ఇంట్లో మా వాళ్ళ పైవాటాలో ఒక పెద్దావిడ ఉండేది. మడీ ఆచారం గల మనిషి. రంజాన్‌లో మూడోరోజు పొద్దున్నే మెట్లు దిగొచ్చి, ఓనరుతో చెప్పకుండా, ఎవరితోనూ అనకుండా, నేరుగా మా గుమ్మంలో నిలబడింది. "ఏం బూబమ్మా, నాలుగింటికి ఆ మిక్సీ ఏమిటి? ముసలిదాన్ని చంపుతావా?" అంది. మా పెద్దమ్మ కూడా తగ్గలేదు. "మీ పంతులుగారి టేపురికార్డరు నాలుగున్నరకి మొదలవుతుంది కదమ్మా పిన్నిగారూ, మీరెట్టాగూ లేస్తారు. అరగంట ముందు లేస్తే పోతారా?" అంది. చాలాసేపు వాదులాడుకున్నారు. పిల్లలందరూ మెట్లమీద చేరి విన్నారు. ఆఖరికి మిక్సీ రాత్రే తిప్పేట్టు, టేపురికార్డరు శుక్రవారం తప్ప మిగతా రోజులు ఐదింటికి పెట్టేట్టు ఒప్పందం అయింది. శుక్రవారం ఎందుకు మినహాయింపో ఇప్పటికీ మాకు తెలీదు, ఆవిడ అమ్మవారి పూజ అంది. ఆ సాయంత్రం మా పెద్దమ్మ ఇఫ్తారుకి పళ్ళు కోస్తూ పదేపదే అదే చెప్పుకుంది, "చూశావా, ఎట్లా తిట్టిందో నన్ను!" అని. గొంతులో కోపం ఉంది గానీ, ఆ తిట్లన్నీ ఒక్కటీ వదలకుండా వచ్చినవాళ్ళందరికీ వినిపించింది.